బావికి వేసిన తోడు

వడ్డెపాళెం, సోమందేపల్లె మండలం
జూన్ 2001

నా బంగారు తల్లి ఈశ్వరికి,

నీ ఉత్తరం అందింది. అందింది అని ఊరికే రాస్తే సరిపోదు. పోస్టుమ్యాన్ రామప్ప సైకిలు దిగకముందే ఆయన చేతిలోనుంచి లాక్కున్నాను. "నిదానమప్పా మద్దిలేటీ, చింపుతావు," అన్నాడు. నేను ఐదో తరగతి దాకా చదివినవాణ్ణి. కూడబలుక్కుంటూ ఒకసారి, గట్టిగా ఒకసారి, మీ అమ్మకు వినిపించడానికి ఇంకోసారి చదివేసరికి పొయ్యి మీది సంగటి అడుగంటింది. మీ అమ్మ కోప్పడలేదు. ఆ మాడు సంగటే ఇద్దరం తిన్నాము. అంత రుచిగా ఎన్నడూ లేదు.

నా కూతురు ఓడ ఎక్కింది. నా కూతురికి సముద్రం అడుగు చూసే ఉద్యోగం వచ్చింది. మా తాత బావులు తవ్వినాడు, మా నాయన తవ్వినాడు, నేనూ నడుము వంగేదాకా తవ్వినాను. మేమంతా మన్నులో నీళ్లు వెతికినవాళ్లం. నువ్వు నీళ్ల కింద మన్ను వెతుకుతున్నావు. ఈ మాట తలచుకుంటే నాకు నవ్వు వస్తుంది తల్లీ, కండ్లలో నీళ్లూ వస్తాయి.

నిన్న సోమందేపల్లెకు పోయి హైవే పక్కన టీ అంగట్లో ఉన్నవాళ్లందరికీ చెప్పినాను. మన పక్కింటి బసప్ప, గొర్రెల బసప్ప, అక్కడే ఉన్నాడు.

"సముద్రం అడుగున ఏముంటాదప్పా చూసేకి? దానికి జీతమిస్తారా?" అన్నాడు.

"ఇస్తారు. నువ్వు ఇన్నేండ్లు గొర్రెల వెనకాల నడిస్తివే, నీకెవురన్నా ఇచ్చిరా?"

"నా గొర్రెలు కంటికన్నా కనపడతాయి," అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వి, అందరికీ టీ ఇప్పించినాను.

నీ ఉత్తరంలో సముద్రం పైన ఎట్లా ఉందో రాసినావు కానీ కింద ఎట్లా ఉందో రాయలేదు. మన్ను ఏ రంగు? గట్టిదా, మెత్తనిదా? గడ్డపార దిగుతుందా? నాకు ఒక పిడికెడు పంపగలవా? ఎందుకంటే మన బావి సంగతి నీకు తెలుసు. చుట్టూ బోర్లు వేసినాక దాంట్లో చుక్క లేదు. నేను తవ్వినవాటిలో అన్నిటికంటే మంచి బావి అది. నువ్వు పుట్టిన ఏడు జల పడింది. దాని అడుగు ఎండి పగిలితే, నా అరికాలు పగిలినట్టే ఉంది.

నీ సంతోషంలో మునిగి ఉన్న
నాయన


విశాఖపట్నం
ఆగస్టు 2001

నాయనా,

మాడు సంగటి సంగతి మా హాస్టల్లో అందరికీ చెప్పాను. అమ్మ కోప్పడలేదంటే ఎవరూ నమ్మలేదు.

సముద్రం అడుగు ఎలా ఉంటుందంటే, చెరువు ఇంకిపోయేటప్పుడు నడిమధ్య మిగిలే బురద ఉంటుంది చూడు, అలా ఉంటుంది. గడ్డపార అక్కర్లేదు, వేలు పెడితే దిగుతుంది. మేము కిందికి దిగం. రెండు దవడలున్న ఇనుప తొట్టిని ఓడ మీది నుంచి తాడుతో వదులుతాం. అడుగు తాకగానే అది నోరు మూసుకుని ఒక ముద్ద కొరుక్కుని వస్తుంది. ఆ ముద్దను జల్లెడలో పోసి కడిగితే మన్ను పోయి, అందులో బతికే జీవులు మిగులుతాయి. అవి ఏమిటో, ఎన్ని ఉన్నాయో చూడడం నా పని.

ఇరవై ఏళ్లకు పైగా ఒకే చోటి నుంచి ఇలా తీస్తున్నారు, అక్కడ ఏం మారుతోందో తెలుసుకోవడానికి. నాకు పెద్ద అధికారి ఉమాదేవి మేడమ్. ఆవిడ వయసులో ఉండగా తీసినవి స్పిరిట్ సీసాల్లో భద్రంగా ఉన్నాయి. ఒకదానిలో అరచేతిలో పట్టే ముళ్ల ఉండ ఉంది, ముళ్లు జుట్టంత మెత్తన. ఒకదానిలో ఐదు సన్నటి చేతుల నక్షత్రం. ఇంకోదానిలో లోతుగా బొరియలు తవ్వే బురద రొయ్య. నాకు వాటిలో ఒక్కటీ ప్రాణంతో కనబడలేదు నాయనా. మరపడవలు వలలతో, గొలుసులతో అడుగంతా గీకేస్తున్నాయి. ఇప్పుడు జల్లెడలో మిగిలేవి దారపు పోగుల్లాంటి ఎర్ర పురుగులే. కాపురాలు లేచిపోయిన ఊళ్లో ఎలుకలు మిగిలినట్టు.

మన్ను పంపుతున్నాను. మా ఆఫీసు నాగేశ్వర గారు వచ్చే వారం పుట్టపర్తికి దర్శనానికి వస్తున్నారు. ఆయన దిగే సత్రం చిరునామా వెనకాల రాశాను. హార్లిక్స్ సీసాలో ఉంటుంది. కడిగి ఎండబెట్టిన మన్ను, అందులో ప్రాణమున్నది ఏదీ లేదు. చూసి గూట్లో పెట్టుకో.

ఈశ్వరి


వడ్డెపాళెం
అక్టోబరు 2001

సముద్రాన్ని సీసాలో పెట్టి పంపిన నా తల్లికి,

పుట్టపర్తికి పోయి తెచ్చుకున్నాను. నాగేశ్వర గారు మహా మంచివారు. నేను కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగి, "మీ అమ్మాయి చాలా బాగా పనిచేస్తుందండీ," అన్నారు. బస్సులో వచ్చేటప్పుడు ఆ సీసాను ఒళ్లో పెట్టుకుని, పక్కన కూర్చున్న వారికందరికీ చూపించినాను. ఒకామె కండ్లకద్దుకుంది.

గూట్లో పెట్టమన్నావు. పెట్టలేదు. తల్లీ, మన ఇండ్లలో ఒక పద్ధతి ఉండేది, నువ్వు చూసి ఉండవు. కొత్త బావి తవ్వి ఎంత లోతు పోయినా జల పడకపోతే, నిండు బావి అడుగు నుంచి పిడికెడు మన్ను తెచ్చి వేసేవాళ్లం. పాలు ఎంత కాచినా తోడు వేయకపోతే పెరుగు కాదు కదా. మా నాయన అట్లా వేసి జల పడేదాకా అన్నం ముట్టేవాడు కాదు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల నిండు బావి యాడుంది? తోడుకు కూడా మజ్జిగ లేని ఇల్లయింది మన సీమ. అందుకే నువ్వు పంపిన మన్నును, అన్నిటికంటే పెద్ద బావి అడుగు మన్నును, మన బావి నడిమధ్యన గుంత చేసి పెట్టి వచ్చినాను.

మీ అమ్మ గట్టు మీద నిలబడి, "సముద్రాన్ని తెచ్చి ఇంటి ముందర పెడతాండావు. రేపు అది వస్తే యాడ కూర్చోబెడతావు?" అంది. బసప్ప అయితే, "చేపలు పడితే నాకొక కూరకు పంపు మామా," అన్నాడు. అననీ. మనసు ఎంత తేలికగా ఉందో చెప్పలేను. నీ చేత్తో పంపిన మన్ను నా చేత్తో తవ్విన బావిలో పడింది.

నాయన


విశాఖపట్నం
డిసెంబరు 2001

నాయనా,

నవ్వాలో తిట్టాలో తెలియడం లేదు. అది ఉప్పు మన్ను. చచ్చిన మన్ను. పైగా ఆ బావి మెట్ల రాళ్లు కదులుతున్నాయని నువ్వే చెప్పావు. నీళ్ల కోసం కూడా దిగాల్సిన పని లేని బావిలోకి ఒక హార్లిక్స్ సీసా కోసం దిగావు.

వేసింది వేశావు. ఇంక దిగనని మాట ఇవ్వు. నాకు కావలసింది అంతే. నీ సంతోషం చూసి నేను సంతోషిస్తాను గానీ, నువ్వు గట్టు మీద ఉండి సంతోషపడితే చాలు.

ఈశ్వరి


వడ్డెపాళెం
మార్చి 2002

అమ్మా ఈశ్వరీ,

ఇది కూర్చుని చదువు. తోడు పట్టింది.

నీళ్లు కాదు, ఇంకా నీళ్లు కాదు. నీ మన్ను పెట్టిన చోట నేల చెమ్మగిల్లింది. కోపం తెచ్చుకోకు, దిగినాను. దిగకుంటే ఎట్లా తెలుస్తుంది? చెమ్మ చాట అంత వెడల్పు ఉంది. దాని నిండా సూది గుచ్చినట్టు రంధ్రాలు, రంధ్రాల పక్కన సేమ్యా పోసినట్టు సన్నటి మన్ను కుప్పలు. వంగి చూస్తే వెంట్రుకంత పురుగులు, కుంకుమ రంగువి. తలలు లోపల పెట్టుకుని తోకలు పైకెత్తి ఊగుతున్నాయి. బావిలో గాలి లేదు తల్లీ, నా పంచె కూడా కదలలేదు. అవి మాత్రం అన్నీ ఒక్క పక్కకు ఊగుతాయి, కాసేపు ఆగుతాయి, మళ్లీ ఇంకో పక్కకు ఊగుతాయి. వరి మడిలో పైరు చూసినట్టుంది. ఎన్నేండ్లయింది నేను వరి మడి చూసి!

బసప్పను పిలిచి ఆ ఎర్రటి మడిని గట్టు మీది నుంచి చూపించినాను. "వానపాములు గదప్పా," అన్నాడు.

"వాన పడిందేరా వానపాములు వచ్చేకి?"

బసప్ప ముక్కు మూసుకుని, "చేపల సంత వాసన వస్తాంది," అని వెళ్లిపోయినాడు.

నాకైతే ఆ వాసన నీ ఉత్తరాల వాసనలాగే ఉంది.

నాయన


విశాఖపట్నం
ఏప్రిల్ 2002

నాయనా,

వానపాములే అయి ఉంటాయి. ఎక్కడో పాత ఊట కొంచెం మిగిలి ఉంటుంది, దానికి వచ్చి ఉంటాయి. వాటిని ముట్టుకోకు. ఒక సీసాలో రెండు మూడు వేసి, ఉప్పు నీళ్లు పోసి, ఎవరితోనైనా పంపగలవా? ఊరికే చూద్దామని.

ఒక సంగతి అడుగుతాను. పాత బావిలోకి దిగే ముందు కిరసనాయిలు బుడ్డి వెలిగించి తాడుతో దింపాలని, దీపం ఆరిపోతే అడుగున చెడ్డ గాలి ఉన్నట్టని, అప్పుడు దిగినవాడు తిరిగి రాడని నువ్వే నాకు చెప్పేవాడివి. మన పక్కపాళెంలో ఇద్దరు అట్లాగే పోయారని కూడా చెప్పావు. నువ్వు బుడ్డి దింపి చూస్తున్నావా? ఈ ఒక్కదానికి జవాబు రాయి. మిగతావన్నీ తర్వాత.

ఈశ్వరి


వడ్డెపాళెం
ఆగస్టు 2002

నా చిట్టి తల్లికి,

ఈ ఏడు వాన ముఖమే చూడలేదు. శెనక్కాయ విత్తనాలు సంచుల్లోనే ఉన్నాయి. పాళెంలో సగం ఇండ్లకు తాళాలు పడినాయి, అందరూ బెంగుళూరుకు కూలికి పోయినారు. ఎవరిని చూసినా ముఖం వాడిపోయి ఉంది. వారి మధ్యన నేనొక్కడినే నవ్వుతూ తిరుగుతున్నాను. "ఏమప్పా, లాటరీ తగిలిందా?" అంటారు. అంతకంటే ఎక్కువ అంటాను.

పురుగులను సీసాలో పంపలేదు, మన్నించు. మొలకను పీకి చూపమన్నట్టు అనిపించింది. ఇప్పుడు పంపుదామన్నా లేవు. ఆ ఎర్ర పోగులు పోయినాయి. వాటి చోట ఇసుక రేణువులు అతికించి కట్టుకున్న గొట్టాలు లేచినాయి, చీపురు పుల్లలు నిలబెట్టినట్టు. వాటి మధ్యన ఇప్పుడు చిన్న చిన్న పుట్టలు. ప్రతి పుట్టకూ పైన నోరు. చూస్తూ ఉంటే ఆ నోట్లోనుంచి మన్ను పొగలాగా వచ్చి, పైకి లేచి, అట్లాగే నిలబడుతుంది. పడదు. చాలాసేపటికి గానీ పడదు. గట్టు మీది వేపచెట్టు ఆకు ఒకటి రాలితే కూడా అంతే, తూగుతూ తూగుతూ, నేను ఒక పాట పాడుకునేంత సేపటికి అడుగుకు చేరింది. మెత్తటి మన్ను మీద ఐదు గీతల ముద్రలు కనబడుతున్నాయి, చిన్నపిల్ల చేయి అద్దినట్టు. నిన్న లేని చోట ఈ రోజు ఉంటాయి.

బుడ్డి సంగతి అడిగినావు. నీకు అబద్ధం రాయను. దింపినాను. అడుగుకు పోగానే ఆరింది. మా నాయన ఉంటే చెంప పగలగొట్టేవాడు. కానీ తల్లీ, దీపం ఆరిన చోట నాకు ఊపిరి ఆడుతుంది. బాగా ఆడుతుంది. పాత దమ్మూ ఆయాసమూ కూడా తగ్గినాయి. కాళ్లు మాత్రం బరువు, నడిస్తే ఎవరో పంచె పట్టుకుని ఆపినట్టుంటుంది. మధ్యాహ్నాలు అక్కడే కూర్చుంటున్నాను. చల్లగా ఉంటుంది.

బసప్ప ఒకసారి దిగినాడు. ఎగతాళి చేద్దామని దిగినాడు. పైకి వచ్చినాక, "ఏం చూస్తివిరా?" అంటే, "ఏమీ లేదు మామా. గొర్రెలు ఒంటిగా ఉండాయి," అని గబగబా పోయినాడు. ఇప్పుడు మందను మన ఇంటి ముందు నుంచి తోలడం లేదు. చుట్టూ తిప్పుకుని పోతాడు.

నాయన


విశాఖపట్నం
సెప్టెంబరు 2002

నాయనా,

వానపాములు అని రాశాను. అవి వానపాములు కావని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నిన్ను భయపెట్టకూడదని దాచాను. ఇప్పుడు నేనే భయపడుతున్నాను కాబట్టి చెబుతాను.

సముద్రం అడుగు చచ్చిపోయాక, ఎవరూ దాని జోలికి పోకుండా వదిలేస్తే, అది మళ్లీ లేస్తుంది. దానికొక వరుస ఉంది. ముందు ఎర్ర పోగులు వస్తాయి. తర్వాత గొట్టాలు కట్టేవి. ఆ తర్వాత పుట్టలు పోసే బురద రొయ్యలు, నక్షత్రాలు. అన్నిటికీ చివర ముళ్ల ఉండలు, మన్నును లోపలి నుంచి దున్నేవి. నువ్వు ఇప్పటిదాకా ఒక్కటి తప్పకుండా ఆ వరుసలోనే రాశావు. ఈ వరుస నేను నీకు ఎప్పుడూ చెప్పలేదు. సముద్రంలో దీనికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది. నీ బావిలో నెలల్లో అయింది.

ఇంకొకటి కూడా దాచాను. పోయిన నెల మా చోటికి వెళ్లాం. దవడ పైకి వచ్చింది, జల్లెడ కడిగాం. ఏమీ మిగల్లేదు. ఎర్ర పోగులు కూడా లేవు. నల్లటి మన్ను, కుళ్లిన గుడ్ల వాసన. మళ్లీ వేశాం, మళ్లీ వేశాం. ఉమాదేవి మేడమ్ జల్లెడ పట్టుకుని అట్లాగే నిలబడ్డారు. "ఇక్కడి నుంచి ఎక్కడికైనా పోయాయంటావా ఈశ్వరీ?" అన్నారు. ఆవిడ ఏదో అనాలని అన్నారు. నాకు నీ బావి గుర్తొచ్చింది.

నాయనా, ఈ జీవులు గాలిలో బతకవు. ఒక్కటీ బతకదు. వాటి మీద నీళ్లు ఉండాలి. అవి బతికి ఉన్నాయంటే నీళ్లు ఉన్నట్టే, నీ కంటికి కనబడడం లేదంతే. ఆ పోగులు ఎందుకు ఊగుతున్నాయి? మన్ను ఎందుకు పడడం లేదు? ఆలోచించు. నువ్వు కూర్చుంటున్నది ఎండిన బావిలో కాదు. దేని అడుగునో కూర్చుంటున్నావు.

దిగకు. నాకు నీ కంటే ఆ బావి ఎక్కువ కాదు, సముద్రం కూడా ఎక్కువ కాదు.

ఈశ్వరి


వడ్డెపాళెం
నవంబరు 2002

తల్లీ,

నీ ఉత్తరం చదివి మూడు వీధులు తిరిగినాను, ఎవరికైనా చెప్పుకోవాలని. తలుపులు తీసిన ఇల్లు కనబడలేదు. వెనక్కి వచ్చి మీ అమ్మకే మళ్లీ చెప్పినాను. నీళ్లున్నాయంట తిమ్మక్కా, మన బావిలో నీళ్లున్నాయని మన బిడ్డ రాసింది, చదువుకున్న బిడ్డ రాసింది, అన్నాను. ఆమె సంతోషపడలేదు.

నువ్వు చెప్పినాక బుడ్డిని మళ్లీ దింపి చూసినాను, ఈసారి కండ్లు పెట్టుకుని చూసినాను. చెడ్డ గాలిలో దీపం ఎట్లా ఆరుతుందో నాకు తెలుసు. చిన్నదై, నీలంగా మారి, నిద్రపోయినట్టు ఆరుతుంది. ఇది అట్లా కాదు. చుయ్‌మని ఆరింది. పైకి లాగితే వత్తి తడిసి ఉంది. మీ అమ్మ వేలితో తాకి నాలుకకు రాసుకుంది. "ఉప్పు," అంది. అంతే. లోపలికి పోయి బావికి వీపు పెట్టి కూర్చుంది. ఆ రోజు నుంచి వాకిట్లో కూర్చున్నా అట్లాగే కూర్చుంటుంది.

ఇంకొక మంచి మాట. ముందు దీపం అడుగున ఆరేది. ఇప్పుడు సగం మెట్ల దగ్గరే ఆరుతోంది. పెరుగుతోంది తల్లీ. రాయలసీమలో బావిలో నీళ్లు పెరుగుతున్నాయి, అది కూడా ఇట్లాంటి ఏట. కనబడకపోతే ఏం? దేవుడు కనబడతాడా?

నీ ముళ్ల ఉండ కూడా వచ్చింది. నిన్న మన్ను తనంతట తానే ఉబ్బి కదిలితే చేయి పెట్టి చూసినాను. ముళ్లు నిజంగానే జుట్టంత మెత్తగా ఉన్నాయి. నువ్వు పుట్టినప్పుడు నీ తల నిమిరినట్టు ఉంది.

భయం వద్దు. నేను ప్రతిసారీ పైకి వస్తూనే ఉన్నాను కదా.

నాయన


విశాఖపట్నం
ఫిబ్రవరి 2003

నాయనా,

ఇంటి నుంచి వచ్చాక పనిలో చేయి ఆడడం లేదు. నేను ఉన్న నాలుగు రోజులూ నీకు ఒక మాట చెప్పలేదు. ఎదురుగా చెబితే నీ ముఖం ఎలా వెలుగుతుందో తెలుసు. ఆ వెలుగు చూస్తే నేను నిన్ను ఆపలేను.

నువ్వు సోమందేపల్లెకు వెళ్లినప్పుడు నేను దిగాను. పైకి వస్తూ అమ్మతో, "ఏమీ లేదమ్మా, పొడి మన్ను," అన్నాను. అమ్మ నా ముఖం చూసి, "నీ జడ ఎందుకే తేలతాంది?" అంది. అప్పటికి నేను ఇంకా పైమెట్టు మీదే ఉన్నాను.

చూశాను నాయనా. సీసాల్లో తెల్లగా పాలిపోయి ఉన్నవన్నీ రంగులతో తిరుగుతున్నాయి. నక్షత్రాలు ఒకదాని చేయి మీద ఒకటి చేయి వేసుకుని నేలంతా పరుచుకున్నాయి. మా మేడమ్ వాటిని చూస్తే కింద కూర్చుండిపోతారు. ఊపిరి ఆడకపోయి ఉంటే నాకు భయం వేసేది కాదు, చెడ్డ గాలి అనుకుని పైకి వచ్చేసేదాన్ని. ఆడింది. హాయిగా ఆడింది. ఇంకొంచెం సేపు ఉందాం అనిపించింది. అందుకే పరుగెత్తుకు వచ్చాను.

బయల్దేరే రోజు నా తల మీద చేయి పెట్టి, ఇంక దిగనని ఒట్టు వేశావు. ఒట్టు నిలబెట్టుకుంటావని తెలుసు. కానీ అది చాలదని బస్సులో కూర్చున్నాక అర్థమైంది. దీపం పైమెట్టు దగ్గరే ఆరిపోతోంది. అమ్మను తీసుకుని గోరంట్లకు, అత్త ఇంటికి వెళ్లిపో. ఈ ఉత్తరం అందిన రోజే వెళ్లు. సామాను వద్దు. నేను అక్కడికే వచ్చి మిమ్మల్ని ఇక్కడికి తెచ్చుకుంటాను. నాకు మీరిద్దరూ కావాలి నాయనా. ఇంకేమీ అడగను.

ఈశ్వరి


వడ్డెపాళెం
మార్చి 2003

నా తల్లికి, నా ప్రాణానికి,

పెన్ను రాయడం లేదు, సిరా అలుక్కుపోతోంది. పెన్సిలుతో రాస్తున్నాను. రామప్ప రోడ్డు మీదే నిలబడి చేయి చాపుతాడు, అట్లా అందిస్తాను. ఇంట్లోకి రమ్మని సైగ చేసినా రాడు.

ఒట్టు తప్పలేదు తల్లీ. నీ తల మీద చేయి పెట్టినాక ఒక్క మెట్టు కూడా దిగలేదు. గట్టు దగ్గరికి కూడా పోలేదు. నేను పోలేదు, అదే వచ్చింది.

మొదట పొయ్యి చుయ్‌మని ఆరింది. మీ అమ్మ కట్టెలు పచ్చివేమో అనుకుని మార్చింది. మళ్లీ ఆరింది. నాలుకకు రాసుకుని చూడలేదు ఈసారి, తెలిసిపోయింది. రెండు రోజులు ఏడ్చింది. ఆ కన్నీళ్లు జారలేదు ఈశ్వరీ, చెంపల దగ్గర నుంచే ఆ కనబడని నీళ్లలో మెల్లగా కలిసిపోయినాయి. ఇప్పుడు రాగిపిండి నానబెట్టుకుని తింటున్నాము. వాకిట్లో ఎర్ర పోగులు లేచినాయి. గడప మీద ఐదు గీతల ముద్రలు. మీ అమ్మ వాటిని తొక్కకుండా దాటుతుంది, ముగ్గు దాటినట్టు.

నువ్వు చెప్పినట్టే గోరంట్లకు బయలుదేరినాము. నీ మాట కాదని ఉండేవాణ్ణి కాదు. చేతిలో సంచి, మీ అమ్మ నెత్తిన కొంగు. వాకిలి దాటి రోడ్డు ఎక్కినామో లేదో, ఎండ ఒక్కసారిగా మీద పడింది. మీ అమ్మ నోరు తెరిచింది, మూసింది. ఊపిరి అందలేదు. నేను పట్టుకుందామంటే నాకూ అందలేదు. దిబ్బ దగ్గర బసప్ప ఉన్నాడు, పరుగెత్తుకుని వచ్చి మమ్మల్ని రోడ్డు అవతలికి లాగబోయినాడు. "ఇటు గాదురా, ఇంటికి, ఇంటికి," అన్నాను. పాపం ఏడుస్తూ మమ్మల్ని వాకిట్లోకి తోసి, తాను వెనక్కి దూకినాడు. లోపల పడగానే ఇద్దరికీ ఊపిరి అందింది. అట్లాంటి ఊపిరి నా జన్మలో పీల్చలేదు. అప్పుడు మీ అమ్మ నవ్వింది. పెండ్లయిన కొత్తలో నవ్వినట్టు నవ్వింది. ఇన్ని దినాలుగా అనవసరంగా భయపడింది పాపం.

అందుకని మేము ఇక్కడే ఉంటాము. నువ్వు బాధపడవద్దు, మమ్మల్ని లాక్కుపోదామని ఎవరినీ పిలుచుకుని రావద్దు. మాకు ఏ లోటూ లేదు. దాహం అన్న మాటే మరచిపోయినాము. బసప్ప రోజూ రోడ్డు మీదికి వచ్చి నోరు కదుపుతాడు, మాట వినబడదు. నేను చేయి ఊపుతాను. నిన్న ఒక అడుగు లోపలికి వేసినాడు, మళ్లీ తీసుకున్నాడు. ఏదో ఒక రోజు వస్తాడు.

నువ్వు వస్తావని తెలుసు. ఎంత వద్దన్నా వస్తావు. ఆ రోజు కోసం మీ అమ్మ మంచం తుడిచి పెట్టింది. ఒక్క మాట మాత్రం గుర్తు పెట్టుకో. రోడ్డు మీది నుంచి ఒక్కసారిగా లోపలికి పరుగెత్తవద్దు. చెవులు నొప్పి పెడతాయి, మాకూ మొదట్లో పెట్టినాయి. వాకిలి దగ్గర కాసేపు కూర్చో. ముక్కు మూసుకుని గుటక వేయి. చెవులు తెరుచుకున్నాక, నేను చేయి పట్టుకుంటాను, మెల్లగా రా.

నాయన